సీటొచ్చింది, డబ్బు రాలేదు

సీటొచ్చిన సంగతి నాకు నౌపడ స్టేషన్లో తెలిసింది. పాసింజరు ఎందుకో ఆగిపోయి ఎంతకీ కదలడం లేదు. నాకేమో కూర్చున్న చోట కూర్చోవడం పుట్టుకతోనే రాలేదు. మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. తలుపు దగ్గర నిలబడి, ఉప్పు మళ్ళ మీంచి వచ్చే వేడిగాలిలో ఫోను తీసి, ఆ పూట ఎన్నోసారో మెయిలు చూశాను. ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో పీహెచ్‌డీకి నన్ను తీసుకుంటున్నారట. ఓలమ్మ అని పైకే అనేశాను. పక్కన రొయ్యల బుట్టతో కూర్చున్న ఆవిడ ఉలిక్కిపడి నడుం దగ్గర డబ్బుల సంచి తడుముకుంది.

"ఏటయినాదమ్మా?" అంది.

"సీటొచ్చిందండి" అన్నాను.

"అయితే కూకో మరి" అంది.

నేను టెక్కలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మా ఊరు ఉద్దానంలో, పలాస నుంచి సముద్రం వైపు. మాకు కొంచెం కొబ్బరి, కొంచెం జీడితోట. ఇంట్లో అమ్మ, తమ్ముడు, నేను. నాన్న నేను డిగ్రీలో ఉండగా పోయారు. తమ్ముడు లగేజీ ఆటో నడుపుతాడు. కొబ్బరికాయలు పలాస చేరవేస్తాడు, వచ్చేటప్పుడు ఏది దొరికితే అది వేసుకొస్తాడు. నేను పొద్దున్నే వాడి ఆటోలో పలాస వచ్చి, రైల్లో నౌపడ దిగి, ఇంకో ఆటో పట్టుకుని టెక్కలి పోతాను. పాఠం చెప్పిన సమయం కంటే దారిలో గడిపిన సమయమే ఎక్కువ. ఆ దారిలోనే అప్లికేషన్లన్నీ రాశాను. ప్రొఫెసర్లకు మెయిళ్ళు పెట్టాను. సగం మంది జవాబివ్వలేదు. ఇచ్చినవాళ్ళలో సగం మంది, మీ అంశం చాలా బాగుంది, నాకు మాత్రం తీరిక లేదు అన్నారు. బాగుంటే తీరిక చేసుకోవచ్చు కదా అని రైల్లో పళ్ళు కొరుక్కున్నాను.

కాలేజీకి చేరాక ఆ మెయిలు మళ్ళీ చదివితే రెండో పేరా కనబడింది. అడ్మిషన్ వేరు, ఫండింగ్ వేరు. ఫీజు, అద్దె, తిండి ఎవరు భరిస్తారో అక్కడి వేసవి దాటేలోగా చూపించాలి. చూపించకపోతే సీటు పోతుంది. స్కాలర్‌షిప్పు కోసం వేరే కమిటీ ఉంది, వాళ్ళు ఇంటర్వ్యూ చేస్తారు, ఇచ్చేది కొద్దిమందికే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడం లేదన్నమాట. పొద్దున నౌపడలో వచ్చిన సంతోషం మధ్యాహ్నం క్లాసుకే సగమైంది.

సాయంత్రం ఇంట్లో చెబితే అమ్మకు అసలు అర్థం కాలేదు.

"సదువుకోడానికి ఆళ్ళే ఎదురు డబ్బులిత్తారా?" అంది. "సీటుకి మనం కదేటే కట్టాల? ఎక్కడైనా ఇదుందా? ఏటో మోసం. నీ బ్యాంకు నంబరు అడిగినారా?"

"అడగలేదమ్మా."

"అడుగుతారు. సూడు."

తమ్ముడు నవ్వాడు. వాడికి సంగతి కొంత తెలుసు. "అమ్మా, అప్ప ఎంత సదివినా మనకి ఖర్సు నేదంట. అదే ఫండింగంటే" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. "మరి సదివొచ్చి ఏటి సేత్తాది?" అని అమ్మ అడిగింది. "అభివృద్ధి" అన్నాడు వాడు. అమ్మ కొత్తగా కడుతున్న మూలపేట పోర్టు వైపు చెయ్యి ఊపి, "అదొత్తంది గదా, ఇంకా నీకెందుకు?" అంది. మా ఊళ్ళో అభివృద్ధి అంటే భూమి ధర పెరగడం. నేను మూడేళ్ళుగా క్లాసులో దాని నిర్వచనాలు చెబుతున్నాను కానీ అమ్మది కొట్టేయడానికి నాకు ఒక్కటీ దొరకలేదు.

నేను రాసిన అంశం ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి తెలియనివాళ్ళు లేరు. ఎందుకొస్తోందో తేల్చుకోవడానికి వచ్చిన బృందాలకు లెక్క లేదు. నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, నెత్తురు పట్టుకెళ్ళారు. నాకు కావలసింది ఆ జబ్బు కాదు, ఆ ప్రశ్నలు. ఫైలు పట్టుకుని ఎవరైనా గుమ్మంలోకి వచ్చి, మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ సమస్య ఉందా అని అడిగితే మా ఊళ్ళో మొదటి మాట ఒకటే, మా ఇంట్లో ఎవరికీ ఏటీ నేదు. నులక మంచం మీద మనిషి కాళ్ళు వాచి పడుకుని ఉన్నా అదే మాట. అడిగితే గేస్ ట్రబులు అంటారు. డయాలసిస్‌కి పోయినవాణ్ణి టవునుకి పని మీద ఎల్లినాడంటారు. రక్తపరీక్ష పలాసలో చేయించరు, తెలిసినవాళ్ళు చూస్తారని. రైలెక్కి బరంపురం పోయి, అక్కడ వచ్చీరాని ఒడియాలో పని కానిచ్చుకుని వస్తారు. ఎందుకంటే ఒకసారి మాట బయటపడితే ఆ ఇంటి కుర్రాడికి పిల్లనివ్వరు. ఇలా దాచిన ఊరి మీద అభివృద్ధి పథకాలు ఎలా కడతారు, ఆ కట్టినవి ఎవరికి అందుతాయి అన్నది నా అంశం. రాసుకున్నప్పుడు నాకు చాలా గర్వంగా ఉండేది.

ఆ గర్వం తమ్ముడి రిపోర్టుతో దిగింది. సీటు వచ్చిన కొద్ది రోజులకే వాడికి మొహం ఉబ్బడం మొదలైంది. నేను పలాసలో చూపిద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. బరంపురం వెళ్ళాం. అవును, నేనే తీసుకెళ్ళాను. ఆ అంశం రాసిన నేనే టికెట్టు కొన్నాను. కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ ఉండాల్సినదానికంటే పైన ఉంది. డయాలసిస్ అవసరం ఇప్పుడే లేదు, మందులు వాడాలి, నొప్పి మాత్రలు ముట్టుకోకూడదు, ఎప్పటికప్పుడు చూపించుకోవాలి అన్నాడు డాక్టరు. ముందు ముందు ఎలా ఉంటుందో చెప్పలేనన్నాడు. నాన్నకీ ఇలాగే మొదలైంది. నాన్న పోయినప్పుడు ఊళ్ళో గుండె ఆగిందని చెప్పుకున్నాం.

తిరుగు రైల్లో తమ్ముడు ఇచ్ఛాపురం దాటేదాకా రిపోర్టు మడతపెట్టి విప్పుతూ కూర్చున్నాడు. తర్వాత "నీ పరీచ్చ కాయితాల్లో నా పేరు రాయకప్పా" అన్నాడు. రాయనన్నాను. వాడికి ఇరవై ఎనిమిది నిండలేదు.

రెఫరెన్సు కోసం వైజాగులో మా పాత ప్రొఫెసరుగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన మంచివారు, కానీ డబ్బు ఎక్కడుందో కనిపెట్టడంలో దిట్ట. నా అంశం చదివి, కళ్ళజోడు తీసి, "ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అన్నారు. "ఉద్దానం అమ్మాయివి. మీ ఇంట్లో లేదా? ఉంటే రాయి. కమిటీవాళ్ళకు అదే కావాలి. ఇంటి కథ ఉన్న ప్రపోజలుకూ లేని ప్రపోజలుకూ చాలా తేడా ఉంటుంది."

"లేదు సార్" అన్నాను.

ఆయన నన్ను నమ్మలేదు. నేను కోపంతో ఆర్టీసీ కాంప్లెక్సు దాకా నడిచాను. నా తమ్ముడి కిడ్నీలు చూపించి నేను స్కాలర్‌షిప్పు కొనుక్కోవాలా? ఆ కోపం సబబే, ఇప్పటికీ అంటాను. కానీ సార్‌తో లేదన్నప్పుడు ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ రోజు నేను పట్టించుకోలేదు.

ఈ లోపు అమ్మ తమ్ముడికి సంబంధం చూసింది. కోటబొమ్మాళి వైపు పిల్ల. ఆ వైపు ఈ జబ్బు భయం తక్కువ, మా ఊరి సంగతులు అంతగా తెలియవు. ఇంట్లో రోజూ యుద్ధమే. వాళ్ళకు చెప్పకుండా ఎలా చేస్తావని నేను, చెప్పి ఎలా చేస్తానని అమ్మ.

"ఆ పిల్ల గొంతు కోత్తావేటమ్మా?" అన్నాను ఒకరోజు.

"నా గొంతు ఎవులు కోసినారు మరి?" అంది అమ్మ. "మీ నాన్నకి ఉన్నాదని నాకు సెప్పి సేసినారేటి? బతకలేదా నాను? మిమ్మల్ని పెంచలేదా? కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడతాది. నీ సదువు నీ కాడెట్టుకో."

తమ్ముడు మధ్యలో కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. నేను వాడితో విడిగా అన్నాను, నువ్వయినా చెప్పరా అని. "సెప్తే అమ్మ సచ్చిపోతాది. సెప్పకపోతే నాను సస్తాను. నువ్వు గట్టిగా ఉండప్పా, నీ వల్లే ఏటైనా అవ్వాల" అన్నాడు. నేను గట్టిగానే ఉన్నాను. పెళ్ళివాళ్ళొస్తే వాళ్ళ ముందే చెప్పేస్తానని అమ్మను బెదిరించాను కూడా. అమ్మ నాలుగు రోజులు నాకు క్యారేజీ కట్టలేదు.

మే నెలలో ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. వీడియోలో, మన లెక్కన మధ్యాహ్నం మూడు గంటలకు. నాకు ఆ వారమంతా నిద్ర సరిగా లేదు. జీడితోటలో పిక్కలు ఏరుతూ ఇంగ్లీషులో నాతో నేనే మాట్లాడుకునేదాన్ని. కూలికి వచ్చిన ఆడవాళ్ళు నాకేదో పట్టిందనుకున్నారు. పలాసలో ఎవరిదైనా గది అడిగి అక్కడ కూర్చుందామనుకున్నాను. కానీ అదే రోజు సాయంత్రం పిల్ల తండ్రి ఇల్లు చూడ్డానికి వస్తానన్నాడు. ఆడపిల్ల ఇంట్లో లేకపోతే ఏమనుకుంటారని అమ్మ పట్టుబట్టింది. సాయంత్రం కదా, మూడుకు మొదలైతే నాలుగుకు అయిపోతుంది, సరేలే అన్నాను. తమ్ముడు తన ఫోను వెనక గది కిటికీలో పెట్టి దాని నెట్టు నాకిచ్చాడు. మా ఊళ్ళో ఆ కిటికీలోనే సిగ్నలు నిలుస్తుంది. ఇయర్‌ఫోన్స్‌లో ఒక చెవిదే పనిచేస్తోంది. కొత్తవి కొనాల్సింది. నా తొందరలో నాకు ఇలాంటివి గుర్తుండవు.

మూడింటికి తెర మీద ముగ్గురు వచ్చారు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పెద్దాయన. మొదలై పది నిమిషాలు కాలేదు, వాకిట్లో కారాగింది. నాలుగు దాటితే వర్జ్యమట. అందుకని పిల్ల తండ్రి ముందే బయలుదేరి వచ్చేశాడు. వెనక గదికీ హాలుకీ మధ్య తలుపు లేదు, చీర కట్టిన తెర ఉంది. కుర్చీలు జరిగాయి, మంచినీళ్ళు ఇచ్చారు, ఎండ గురించి మాట్లాడుకున్నారు. నా ఒక చెవిలో ఇంగ్లండు, ఇంకో చెవిలో కోటబొమ్మాళి.

అంశం గురించి బాగా చెప్పాను. పద్ధతి గురించి అడిగారు, చెప్పాను. మొహం నిండా చెమట, లోపల మాత్రం ఊపు మీదున్నాను. అప్పుడు నడివయసావిడ చాలా మర్యాదగా అడిగింది. మీరు ఆ ప్రాంతం మనిషే కదా, జబ్బు ఉన్న కుటుంబం నుంచి వస్తున్నారా, దాన్ని బట్టి మీరు అడిగే తీరు మారుతుంది కాబట్టి అడుగుతున్నాను, ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు అంది. చెప్పనక్కర్లేదని కూడా అంది. చెప్పను అని ఉంటే అయిపోయేది.

"లేదు" అన్నాను ఇంగ్లీషులో. ఆలోచించి అన్నది కాదు. ఆవిడ ప్రశ్న పూర్తికాకముందే నా నోట్లో అది తయారుగా ఉంది.

అంతలో నెట్టు తడబడింది. ఆవిడ మొహం ఆగిపోయి మళ్ళీ కదిలింది. క్షమించండి, వినబడలేదు, మళ్ళీ చెబుతారా అంది. నేను గొంతు పెంచాను. "లేదు, మా కుటుంబంలో ఎవరికీ కిడ్నీ జబ్బు లేదు" అని ఇంగ్లీషులో గట్టిగా అరిచాను.

ఉద్దానంలో ఇంగ్లీషు రాని ముసలమ్మకైనా కిడ్నీ అన్న మాట తెలుసు. కోటబొమ్మాళిలో తెలియకుండా ఉంటుందా? హాల్లో మాటలు ఆగిపోయాయి. "కిడ్నీ అంతంది ఏటి ఆయమ్మ?" అన్నాడు పిల్ల తండ్రి.

"ఏదో సదువు పరీచ్చ బాబూ" అంది అమ్మ వెంటనే. "ఊరోళ్ళ కోసం అడుగుతన్నారు. మా ఇంట్లో ఎవరికీ ఏటీ నేదు."

ఒకే మాట. చీర తెరకి అటూ ఇటూ అమ్మా నేనూ ఒకే మాట అన్నాం, ఆవిడ తెలుగులో, నేను ఇంగ్లీషులో. తర్వాత తమ్ముడి గొంతు వినబడింది. వాడు ఎప్పుడూ మాట్లాడేంత మెల్లగానే మాట్లాడాడు.

"నాకుంది మావా" అన్నాడు. "కిడ్నీ. బరంపురంలో సూపించినాం. మందులు ఏసుకుంతన్నాను. ముందు ముందు ఏటవుతాదో డాట్రు సెప్పలేదు. మా నాన్న దాంతోనే పోనాడు, గుండి కాదు."

నా ఇంగ్లండు చెవిలో పెద్దాయన తర్వాతి ప్రశ్న అడుగుతున్నాడు, జనం మిమ్మల్ని నమ్మి నిజం చెబుతారని ఎలా అనుకుంటున్నారు అని. నేను చెయ్యెత్తి ఆపాను. ఎవరైనా ఇంటర్వ్యూలో అలా చెయ్యెత్తుతారా, నేను ఎత్తాను. ఇందాక నేను చెప్పింది నిజం కాదండి అన్నాను. నా తమ్ముడికి ఉంది, ఈ గోడవతలే ఉన్నాడు, మా నాన్న దాంతోనే పోయారు అన్నాను.

ముగ్గురూ నన్నే చూశారు. మరెందుకు లేదన్నారని నడివయసావిడ అడిగింది. నా దగ్గర రెండు పేజీల సిద్ధాంతం ఉంది దానికి. ఒక్క ముక్క గుర్తురాలేదు. మా ఊళ్ళో అడిగితే అలాగే అంటాం, చదువుకున్నాను కాబట్టి నాకు పోయిందనుకున్నాను, పోలేదు అన్నాను. ఆవిడ తల దించుకుని ఏదో రాసుకుంది. సమయం అయిపోయిందన్నారు. తెర నల్లబడింది.

నేను హాల్లోకి వచ్చేసరికి పిల్ల తండ్రి లేచి నిలబడ్డాడు. ఆయన కోప్పడి ఉంటే నాకు బాగుండేది. తమ్ముడి భుజం మీద చెయ్యేశాడు. "మంచోడివి బాబూ. ఏ నాకొడుకూ ఇలాగ సెప్పడు. నువ్వు సెప్పినావు గాబట్టి నాను కూడా సెప్పాల. మా గుంటని నీకిచ్చి పెళ్ళి సెయ్యలేను" అన్నాడు. టీ సగం తాగిన గ్లాసు జాగ్రత్తగా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు అమ్మ నన్ను పట్టుకుంది. "నీ డబ్బుల కోసం నా కొడుకు బతుకు వీధిలో ఎట్టినావు" అంది. తమ్ముడు పెరట్లో ఆటో కడుగుతున్నాడు. పోయి వాడి పక్కన నిలబడ్డాను.

"నువ్వెందుకు సెప్పినావురా అలాగ?" అన్నాను.

"నువ్వు నేదన్నావు గదా" అన్నాడు వాడు, గుడ్డ పిండుకుంటూ. "అమ్మ నేదంటాదని తెలుసు. ఊరంతా నేదంటాదని తెలుసు. నువ్వొక్కర్తివీ ఉందంటావనుకున్నాను. నువ్వు కూడా నేదన్నాక ఇంకెవులు మిగిలినారు? నానే మిగిలినాను."

వాడి చేతిలో గుడ్డ లాక్కుని చక్రాలు నేను తుడిచాను.

ఇక ఎదురుచూపు. ఎలా గడిచిందో నన్నడగకండి. కాలేజీ తెరిచారు. నౌపడ వచ్చినప్పుడల్లా ఫోను తీసేదాన్ని, అక్కడే ఏదో ఉన్నట్టు. జూన్ నెలాఖరుకు ఒక మెయిలు వచ్చింది. నా పేరు రిజర్వు జాబితాలో ఉందట. ఎవరైనా వద్దంటే నాకు వస్తుందట. అంటే ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి వేరే దేశం పోవాలని నేను దేవుడికి మొక్కుకోవాలి. మొక్కుకున్నాను, సిగ్గేముంది. ఇంకోవైపు యూనివర్సిటీ అడ్మిషన్ వాళ్ళు డబ్బు సంగతి తేల్చమని గుర్తుచేస్తున్నారు. ఊళ్ళో సంగతి తెలిసిపోయింది. కొంతమంది తమ్ముడి ఆటోకి కాయలు వేయడం మానేశారు. జబ్బు మనిషి మోయలేడన్నారు. వాడు రోజూ మోసేవే ఆ కాయలు. నాకు వాళ్ళ ఇళ్ళమీద పడి తిట్టాలనిపించింది. వాళ్ళిళ్ళలో మంచాల మీద ఎవరున్నారో నాకు తెలుసు. తమ్ముడు నన్ను ఆపాడు. "ఆళ్ళు సెప్పీదాకా నువ్వు సెప్పకు" అన్నాడు.

జూలైలో ఒక వాన పొద్దున, ఆటోలో పలాస పోతుండగా మెయిలు వచ్చింది. స్కాలర్‌షిప్పు నాకిచ్చారు. ఫీజు, నాలుగేళ్ళ ఖర్చు, వీసా అన్నీ వాళ్ళవే. వారంలోగా ఒప్పుకుంటున్నానో లేదో చెప్పాలి. నేను మూడుసార్లు చదివి తమ్ముడికి చెప్పాను. వాడు హారను కొట్టాడు. రోడ్డు మీద గేదె తప్ప ఎవరూ లేరు. వాడు నవ్వుతున్నాడు, నేను నవ్వలేకపోయాను. ఏడాదిగా దీనికోసమే కదా నిలవకుండా తిరిగాను. వచ్చాక నాకు భయం పట్టుకుంది. నాలుగేళ్ళు. ఆ నెల రిపోర్టులో వాడి క్రియాటినిన్ ఇంకొంచెం పెరిగింది.

"కాదనేత్తాన్రా" అన్నాను.

వాడు ఆటో పక్కకు తీసి ఆపేశాడు. అంత కోపం వాడిలో నేను చూడలేదు. "ఎందుకు? నాకోసమా? ఉండి ఏటి సేత్తావు? నా కిడ్నీ కాడ కాపలా కూకుంటావా?" అన్నాడు. "నా వల్ల సంబంధం పోయినాదని అమ్మ అంతంది. నీ సదువు కూడా నా వల్లే పోయినాదని రేపు ఊరంతా అంతాది. అది మాత్రం నా మీదెట్టకప్పా. నాను మొయ్యలేను."

వైపర్లు కొట్టుకుంటున్నాయి. నేను ఏడుపు ఆపుకోవడానికి ఫోనే చూస్తున్నాను. వాడే మళ్ళీ అన్నాడు, ఈసారి మెల్లగా.

"నాకేటైనా అయితే వచ్చీగలవా?"

వచ్చేస్తానురా అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది. స్కాలర్‌షిప్పు నిబంధనలు నేను చదివాను. ఇంట్లో మనిషి పోతే సెలవుంది. మనిషి మంచం పడితే ఎన్నాళ్ళు రానిస్తారో అందులో సరిగ్గా లేదు. టికెట్టు ఎవరిస్తారో లేదు.

"తెల్దురా" అన్నాను. "వస్తానని సెప్పలేను."

వాడు మొహం తుడుచుకుని గేరు వేశాడు.

"వచ్చేత్తానని అబద్ధమాడుంటే నిన్ను ఎల్లనిచ్చీవోణ్ణి కాదు" అన్నాడు. "ఒప్పుకున్నానని నొక్కు."

నొక్కాను.